ఇంగ్లిష్ థీసిస్‌లో మీరు కనబడేలా రాయడం ఎలా?

"సార్, థీసిస్‌లో 'ఐ' అని రాయొచ్చా?"

హనుమకొండలో నాకు డ్రాఫ్టులు చూపించడానికి వచ్చేవాళ్లు దాదాపు అందరూ ముందు అడిగేది ఇదే. పరకాల, ములుగు, మంచిర్యాల, జగిత్యాల వైపు నుంచి వస్తారు. పదో తరగతి దాకా, కొందరైతే డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడు కాకతీయ యూనివర్సిటీలోనో మరోచోటో పీహెచ్‌డీ చేస్తుంటారు. రాయొచ్చు అంటే "మా గైడ్ సార్ ఒప్పుకోరు" అంటారు. వద్దు అంటే "మరి అది నేను కనిపెట్టిన ముచ్చటని ఎట్ల తెలుస్తది?" అంటారు. నాకు ఈ రెండో ప్రశ్నే నచ్చుతుంది. ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పీ చెప్పీ అలసిపోయి, అంతా ఒకచోట రాసి పెడుతున్నాను.

ఇది గ్రామర్ పాఠం కాదు. ఒక్క తప్పూ లేని ఇంగ్లిష్‌లో రాసిన రెండొందల పేజీలు చదివాక కూడా ఆ పని ఎవరు చేశారో, వాళ్లేమంటున్నారో అర్థం కాని థీసిస్‌లు చాలానే చూశాను. ఇక్కడ చెప్పేది ఆ జబ్బుకు మందు. రెండు సాయంత్రాలు కేటాయిస్తే ఒక చాప్టర్‌కు సరిపోతుంది.

కావలసినవి

- మీరు రాసిన ఏదో ఒక చాప్టర్‌లో పది పేజీలు, ప్రింట్ తీసినవి. లిటరేచర్ రివ్యూ మాత్రం వద్దు. ఫీల్డ్‌వర్క్ లేదా మీ ఫలితాలు చెప్పే చాప్టర్ అయితే మంచిది.
- ఎరుపు, నీలం స్కెచ్ పెన్నులు.
- మీ ఫీల్డ్ నోట్‌బుక్. సైన్స్ వాళ్లకు ల్యాబ్ రికార్డు.
- వాయిస్ రికార్డింగ్ ఉన్న ఫోన్.
- మీ సబ్జెక్టులో ఈమధ్య వచ్చిన జర్నల్ వ్యాసాలు రెండు, మీ డిపార్ట్‌మెంట్ నుంచి శోధ్‌గంగలోకి (మన యూనివర్సిటీల థీసిస్‌లు పెట్టే వెబ్‌సైట్) ఎక్కిన థీసిస్‌లు రెండు.
- మీ సబ్జెక్ట్ గురించి ఏమీ తెలియని ఒక ఫ్రెండ్.

1. ముందు ఇంటి భాషలో చెప్పండి

ఫోన్‌లో రికార్డింగ్ నొక్కి, ఈ చాప్టర్‌లో ఏముందో మూడు నిమిషాల్లో చెప్పండి. పేపర్ చూడొద్దు. మీ అక్కకో, ఊళ్లో దోస్తుకో చెబుతున్నట్టు చెప్పాలి. పుస్తకాల తెలుగు మాట్లాడారంటే ఈ పని వృథా. 'గట్ల', 'గిట్ల', 'ఏమైతదంటే' అన్నీ రానివ్వండి.

తర్వాత విని రెండు రకాల వాక్యాలు మాత్రం కాగితం మీద రాసుకోండి. "నాకేమనిపిస్తదంటే", "నేను చూసిందేందంటే" అని మొదలైనవి ఒక రకం. "అందరూ అట్లంటరు కానీ" అని మొదలైనవి రెండో రకం. మూడు నిమిషాల్లో ఇవి నాలుగైదు దొరుకుతాయి. మీ థీసిస్ వాదన ఆ నాలుగైదు వాక్యాలే. ఇప్పుడు ప్రింట్ తీసిన పది పేజీల్లో అవి ఎక్కడున్నాయో వెతకండి. చాలామందికి ఒక్కటీ దొరకదు. కంగారు పడకండి, అందుకే ఈ తతంగమంతా.

జాగ్రత్త: ఆ రికార్డింగ్‌ను మెషిన్ ట్రాన్స్‌లేషన్‌లో వేసి అతికించొద్దు. తెలుగులో 'చెప్పింది' అంటే ఆమె చెప్పినా అంతే, నివేదిక చెప్పినా అంతే. 'చెప్పారు' అంటే ఆమె అయినా అంతే, ఆయన అయినా అంతే. ఎవరు అనేది మనం బయటికి అనకపోతే మెషిన్ ఊహించి రాస్తుంది. బీడీలు చుట్టే ఒక పెద్దమ్మ మాటలన్నీ 'హీ' అని మారిపోయి వచ్చిన డ్రాఫ్టు నేను చూశాను. రాసినమ్మాయి కూడా గమనించలేదు.

2. ప్రతి వాక్యానికీ రంగు వేయండి

మిగతావన్నీ వదిలేసినా ఇదొక్కటి చేయండి.

వేరేవాళ్లు చెప్పిన మాట అయితే నీలం గీత. మీరు చూసింది, లెక్కపెట్టింది, అనుకున్నది అయితే ఎరుపు గీత. ఎవరిదో వాక్యంలో తెలియకపోతే ఏ గీతా వేయొద్దు. మీ మనసుకు తెలిసినా సరే, కాగితం మీద తెలియకపోతే ఖాళీగానే వదలాలి.

పేజీల నిండా ఖాళీలే మిగులుతాయి. 'ఇట్ వాజ్ అబ్జర్వ్‌డ్ దట్', 'ఇట్ ఈజ్ ఫెల్ట్ దట్', 'ఇట్ కెన్ బి సెడ్ దట్' అన్నీ ఆ ఖాళీల్లోనే ఉంటాయి.

మనకే ఇదెందుకు ఎక్కువ? తెలుగులో 'నేను' అనే మాటను మాటిమాటికీ వాడం. అలా అంటే గొప్పలు చెప్పుకున్నట్టు ఉంటుంది. "సిరిసిల్ల వెళ్లాను, నలభై మందితో మాట్లాడాను" అంటాం. మన యాసలో "పోయిన, మాట్లాడిన" అంటాం. 'నేను' లేకపోయినా వెళ్లిందెవరో క్రియ చివర ఉండనే ఉంది. అణకువకు అణకువ, మనిషికి మనిషి. అదే అలవాటుతో ఇంగ్లిష్‌లో 'ఐ' తీసేస్తే క్రియ ఒంటరిగా నిలబడదు, పాసివ్‌లోకి దొర్లుతుంది. అణకువ మిగిలి మనిషి పోతాడు. దానికి తోడు మన స్కూలు పుస్తకాలు 'గమనించబడినది', 'నిర్ధారించబడినది' అని నేర్పి పెట్టాయి. ఆ తెలుగు ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు కదా.

ఖాళీగా ఉన్న ప్రతి వాక్యాన్నీ మార్చాలని లేదు. "నమూనాలను 60 డిగ్రీల దగ్గర ఆరబెట్టడమైనది" అన్నచోట ఆరబెట్టిందెవరైతే ఏంటి? పద్ధతి చెప్పేచోట పాసివ్ హాయిగా ఉండనివ్వండి. తీర్పు చెప్పేచోట, లెక్కకు అర్థం చెప్పేచోట, వేరేవాళ్లతో విభేదించేచోట ఖాళీ ఉండకూడదు.

3. 'వి'ని తెలుగులోకి మార్చి చూడండి

'ఐ' అంటే భయపడి చాలామంది 'వి' వాడతారు. ఒక్కరే రాసిన థీసిస్‌లో 'వి' ఎవరు? ఇంగ్లిష్‌కు ఒక్కటే 'వి'. మనకు రెండున్నాయి, మనం, మేము. ఈ విషయంలో మన భాష నయం, కాబట్టి వాడుకోండి.

మీ డ్రాఫ్టులో ప్రతి 'వి' పక్కన పెన్సిల్‌తో 'మనం' అనో 'మేము' అనో రాయండి. "పట్టిక 3లో మనం చూసినట్టు" అంటే చదివేవాళ్లను కలుపుకున్నారు, ఉంచండి. "మేము ఇంటర్వ్యూలు చేశాం" అంటే మీతో ఇంకెవరు వచ్చారు? ఎవరూ రాకపోతే అది 'ఐ' కావాలి. పేపర్‌లో ఇద్దరు ముగ్గురు రచయితలుంటే 'మేము' సరిపోతుంది. "మనం ఈ పద్ధతిని మార్చుకోవాలి" లాంటి వాక్యం తగిలితే ఆగండి. ఆ 'మనం'లో ఎవరున్నారు? ప్రభుత్వమా, తెలంగాణ ప్రజలా, పరిశోధకులా? తేల్చలేకపోతే వాక్యాన్నే కొట్టేయండి. అది ఉపన్యాసంలోంచి వచ్చి పడ్డ వాక్యం.

4. 'ఐ' ఎక్కడ పెట్టాలో తేల్చుకోండి

థియరీ ఇక్కడ ఒక్క పేరా, అంతే. 1999లో టాంగ్, జాన్ అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థుల వ్యాసాలు చూసి 'నేను' ఆరు రకాల పనులు చేస్తుందని చెప్పారు. పదిమందిలో ఒకడిగా మాట్లాడడం, దారి చూపించడం ("ముందు పేజీలో చూశాం"), వ్యాసం నిర్మాణం చెప్పడం ("ఈ చాప్టర్‌ను మూడు భాగాలు చేశాను"), చేసిన పని చెప్పడం, ఒక అభిప్రాయంతో ఏకీభవించడం లేదా విభేదించడం, కొత్త వాదన ముందుపెట్టడం. కింది మెట్టు నుంచి పై మెట్టుకు వెళ్లే కొద్దీ ధైర్యం కావాలి. కెన్ హైలాండ్ అనే భాషా పరిశోధకుడు 2002లో హాంకాంగ్ విద్యార్థుల రిపోర్టుల గురించి రాసిందీ దీనికి దగ్గరే. వాళ్లు చేసిన పని చెప్పేటప్పుడు 'ఐ' వాడుతున్నారు, వాదన చెప్పాల్సి వచ్చేసరికి దాక్కుంటున్నారు.

మనవాళ్ల డ్రాఫ్టుల్లోనూ అదే చూస్తున్నాను. "ఐ ఇంటర్వ్యూడ్" అని ధైర్యంగా రాసి, రెండు పేజీల తర్వాత అసలు మాట దగ్గరికొచ్చేసరికి "ఇట్ మే బి కన్‌క్లూడెడ్" అంటారు. నిజానికి తిరగేసి చేయాలి. ఇంటర్వ్యూ దగ్గర మిమ్మల్ని దాచుకున్నా పెద్ద నష్టం లేదు. వాదన దగ్గర కనబడాలి. నా లెక్కలో ఒక చాప్టర్‌కు మూడు నాలుగు 'ఐ ఆర్గ్యూ'లు, 'ఐ డిసగ్రీ'లు చాలు. పేజీకి పది అయితే డైరీ అవుతుంది.

గైడ్ ఒప్పుకోకపోతే? ముందు మీ సబ్జెక్టు జర్నల్ వ్యాసాలు రెండూ తీసి 'ఐ' ఎక్కడుందో గుర్తుపెట్టి తీసుకెళ్లి చూపించండి. వాదించకండి, చూపించండి. ఆయన ముందు కూర్చుని "ఇట్లా రాయొచ్చా సార్?" అని ఒక్క వాక్యం గురించి అడిగితే దొరికే జవాబు వేరు, మొత్తం పద్ధతి గురించి అడిగితే దొరికేది వేరు. అయినా వద్దంటే 'దిస్ స్టడీ ఆర్గ్యూస్' అనండి. కొంచెం పొడిగా ఉంటుంది కానీ ఎవరి మాటో తెలుస్తుంది. 'ద రీసెర్చర్' అని మిమ్మల్ని మీరే మూడో మనిషిగా పిలుచుకోవడం నాకైతే నచ్చదు. డిపార్ట్‌మెంట్ ఆనవాయితీ అదే అయితే చేసేదేముంది.

5. 'అట'ను పోగొట్టుకోవద్దు

చూసింది ఒకటి, విన్నది ఒకటి, ఊహించింది ఒకటి. తెలుగులో వీటిని విడదీయడానికి మనకు కష్టమే లేదు. 'వచ్చాడు', 'వచ్చాడట', 'వచ్చాడు కాబోలు'. చిన్నపిల్లలకు కూడా వస్తుంది. ఇంగ్లిష్‌లోకి వెళ్లగానే ఈ మూడూ కలిసిపోయి అన్నీ 'వచ్చాడు' అయిపోతాయి. లేకపోతే భయంతో 'ఇట్ మే పర్హాప్స్ బి పాసిబుల్' అయిపోతాయి.

పక్కనే ఉన్న బమ్మెర పోతన పద్యం మీకు నోటికి వచ్చే ఉంటుంది, 'పలికెడిది భాగవతమట'. ఒకసారి పరిశోధకుడి కళ్లతో చూడండి. మొదటి మూడు మాటలకూ చివర 'అట' ఉంది. అవి తనకు అందినవి. నాలుగోచోట 'అట' లేదు, 'పలికెద' అని ఉంది. నిర్ణయం తనది. ఎవరి మాట ఎక్కడ ఆగిందో, తన మాట ఎక్కడ మొదలైందో నాలుగు పాదాల్లో తెలిసిపోతుంది. మీ లిటరేచర్ రివ్యూ చివరి పేరా సరిగ్గా ఇట్లాగే ఉండాలి.

చేయాల్సింది ఇదీ. మీ ఫలితాల చాప్టర్‌లో ప్రతి వాక్యం చివర పెన్సిల్‌తో తెలుగులో 'చూశాను', 'అట', 'కాబోలు' అని మూడింట్లో ఒకటి రాయండి. 'అట' వచ్చినచోట ఇంగ్లిష్‌లో ఎవరు చెప్పారో పేరో, 'రెస్పాండెంట్స్ రిపోర్టెడ్' అనో ఉండాలి. 'కాబోలు' వచ్చినచోట 'మే' లేదా 'సజెస్ట్స్' ఒక్కటి చాలు, రెండూ కలపొద్దు. 'చూశాను' వచ్చినచోట ఏ 'మే' అక్కర్లేదు. తీసేయండి.

6. మీ ఊరి మాటలను అమ్ముకోవద్దు

సిరిసిల్ల మీద పని చేసిన ఒక స్కాలర్ డ్రాఫ్టులో ప్రతిచోటా 'కాంట్రాక్టర్' అని కనబడింది. ఎవరీ కాంట్రాక్టర్ అని అడిగితే "ఆసామి సార్" అంది. ఆసామి కాంట్రాక్టర్ ఎట్లా అవుతాడు? సొంతంగా కొన్ని సాంచాలు (మరమగ్గాలు) పెట్టుకుని, యజమాని ఇచ్చిన నూలుతో బట్ట నేయించి ఇచ్చేవాడు ఆసామి. కార్మికుడి దగ్గర అతను యజమాని, యజమాని దగ్గర అతనూ కూలీలాంటివాడే. ఆ మధ్యలో నలిగే స్థితే ఆ అమ్మాయి చాప్టర్. 'కాంట్రాక్టర్' అన్న ఒక్క మాటతో అది మొత్తం ఎగిరిపోయింది. ఇంకో డ్రాఫ్టులో మన గొలుసుకట్టు చెరువులన్నీ 'వాటర్ ట్యాంక్‌లు' అయ్యాయి. చదివేవాళ్లకు మిద్దె మీది సిమెంటు ట్యాంకు కళ్లకు కడుతుంది. చెరువుకు సాగునీటి పరిశోధనల్లో 'ట్యాంక్' అనే వాడతారు, 'ఇరిగేషన్ ట్యాంక్' అని మొదట ఒక్కసారి చెబితే సరిపోయేది.

చేసే పద్ధతి: నోట్‌బుక్‌లోంచి అట్లాంటి మాటలు పది ఏరండి. సాంచా, ఆసామి, శిఖం, సాదాబైనామా, ఏవైనా సరే. వాటిలో మీ వాదన ఆధారపడ్డ నాలుగైదింటిని అట్లాగే ఉంచి, మొదటిసారి వచ్చినచోట ఒక వాక్యంలో వివరించండి. మిగతావాటికి ఇంగ్లిష్ మాట పెట్టేయండి. ఇరవై మాటలు ఉంచితే చదివేవాడికి నిఘంటువు కావాలి.

జనం మాటలను ఉదహరించేటప్పుడు ఇంకో తప్పు జరుగుతుంది. ఒక ఆసామి "సాంచాలు నావే, నూలు సేటుది, మరి నేను యజమానినా కూలోణ్ణా?" అన్నాడనుకోండి. ముందు దాన్ని గ్రాంథికంలాంటి తెలుగులోకి, తర్వాత పొడి ఇంగ్లిష్‌లోకి మారుస్తారు. ఆ ప్రశ్న కాస్తా 'ద రెస్పాండెంట్ ఎక్స్‌ప్రెస్‌డ్ యాంబిగ్యుటీ' అవుతుంది. ప్రశ్నను ప్రశ్నగానే అనువదించండి. అతను మాట్లాడిన తెలుగును యాసతో సహా అనుబంధంలో ఉంచండి. అనువాదం మీదేనని ఒకచోట రాయండి. అదీ మీ పనే, దానికీ పేరు మీకే రావాలి.

7. 'ఎవరి బిడ్డవు?' అన్న ప్రశ్నకు జవాబు రాయండి

ఊళ్లోకి వెళ్లి ఇంటర్వ్యూ మొదలుపెట్టగానే ముందు ప్రశ్న మీకే వస్తుంది. "ఏ ఊరు బిడ్డా? ఎవరి బిడ్డవు?" మీ జవాబును బట్టి వాళ్లు ఏం చెప్పాలో, ఏం చెప్పకూడదో తేల్చుకుంటారు. అంటే మీ సమాచారం మీద ఆ జవాబు ప్రభావం ఉంది. అందుకే మెథడాలజీ చాప్టర్‌లో ఒక పేరా దాని కోసం పెట్టండి.

పైన చెప్పిన అమ్మాయి ఇంట్లోనే నాలుగు సాంచాలున్నాయట. థీసిస్ మొత్తంలో ఎక్కడా లేదు. "రాస్తే పక్షపాతం అంటారేమో" అంది. రాయకపోతేనే అంటారు. రాసేటప్పుడు మూడు విషయాలు చాలు: ఆ ఊరితో మీ సంబంధం, ఏ భాషలో, ఏ యాసలో మాట్లాడారు, దానివల్ల ఏ తలుపు తెరుచుకుంది, ఏది మూసుకుంది. ఐదారు వాక్యాలకు మించొద్దు. కులం, కుటుంబం సంగతులు ఎంతవరకు చెప్పాలనేది పూర్తిగా మీ ఇష్టం. సమాచారం మీద ప్రభావం ఉన్నంతవరకే రాయండి, ఇంకా చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. కష్టాల కథగా మాత్రం రాయొద్దు, ఎగ్జామినర్ జాలి మీకు అక్కర్లేదు.

8. పేరు ఒక్కసారి తేల్చేయండి

చిన్న పనే, కానీ తర్వాత సరిదిద్దడం నరకం. మనకు ఇంటిపేరు ముందు, అదీ ఒక్క అక్షరంలో. జర్నల్ ఫారం 'లాస్ట్ నేమ్' అడుగుతుంది. ఒకసారి ఇంటిపేరు, ఇంకోసారి సొంత పేరు, పెళ్లయ్యాక మరో పేరు రాస్తే మీ మూడు పేపర్లు ముగ్గురు మనుషులవి అవుతాయి. మొదటి పేపర్ పంపకముందే ఒక రూపం ఖాయం చేసుకుని, పరిశోధకులకు గుర్తింపు నంబర్లిచ్చే ఆర్కిడ్ (ORCID) వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే 16 అంకెల నంబరు తీసుకోండి. పాత పేర్లు అందులో మారుపేర్లుగా చేర్చుకోవచ్చు.

ఎక్కువగా దొర్లే తప్పులు

పెద్దవాళ్ల ఇంగ్లిష్ మనకంటే బాగుందని వాళ్ల వాక్యాలే అటూ ఇటూ మార్చి పెట్టడం. దొంగతనం చేద్దామని కాదు, నమ్మకం లేక. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం వేరేవాళ్ల రాతతో పోలిక 10 శాతం లోపు ఉంటే శిక్ష లేదు, 10 నుంచి 40 శాతం మధ్య ఉంటే సవరించి మళ్లీ ఇవ్వాలి. ఆ అంకె దాటకపోయినా రంగుల పరీక్షలో మీరు దొరికిపోతారు. పేరా అంతా నీలమే. మందు ఒక్కటే. పుస్తకం మూసేసి, ఆ రచయిత ఏమన్నారో ఫోన్‌లో తెలుగులో చెప్పి, అది వింటూ ఇంగ్లిష్‌లో రాయండి. రాశాక పుస్తకం తెరిచి సరిచూసుకుని, ఆ రచయిత పేరు పెట్టండి.

రెండోది, చాట్‌బాట్‌తో పాలిష్. మెరిసిపోతూ తిరిగొస్తుంది. ఆసామి 'స్మాల్ ఆంట్రప్రెన్యూర్' అవుతాడు, మీ 'కాబోలు' కాస్తా ఖాయం అయిపోతుంది. వాడొద్దని అనను. గ్రామర్ తప్పులు మాత్రమే చూపించమని అడగండి, పేరా మళ్లీ రాయమని అడగొద్దు. మీరు ఉంచుకున్న నాలుగైదు మాటలు ముట్టుకోవద్దని చెప్పండి. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి వాక్యం వాక్యం చూడండి. మీ యూనివర్సిటీ నియమం ఏంటో కూడా కనుక్కోండి.

సరిగా వచ్చిందో లేదో చూడడం

దిద్దిన పది పేజీలను కొత్తగా ప్రింట్ తీసి మళ్లీ రంగులు వేయండి. వాదన చెప్పే పేజీల్లో ఖాళీ వాక్యాలు పేజీకి రెండు మూడుకు దిగాలి. అప్పటికీ ఎరుపు కనబడకపోతే ఒకటో మెట్టు రికార్డింగ్ మళ్లీ వినండి. అందులోనూ లేకపోతే సమస్య రాతలో లేదు. మీరింకా ఏమనుకుంటున్నారో తేల్చుకోలేదు, రాయడం ఆపి నోట్‌బుక్ దగ్గరికి వెళ్లండి.

తర్వాత రెండు పేజీలను ఆ ఫ్రెండ్‌కు తెలుగులో చదివి చెప్పండి, అక్కడికక్కడే మారుస్తూ. 'గమనించబడినది' అని మీ నోటికి వచ్చినచోటల్లా గుర్తు పెట్టండి, అక్కడ ఇంగ్లిష్ కూడా చచ్చుగానే ఉంటుంది. చివర్లో ఫ్రెండ్‌ను ఒక్కటే అడగండి: "ఇందులో నేనేమన్నాను? మిగతావాళ్లేమన్నారు?" రెండూ వేరుగా చెప్పగలిగితే చాప్టర్ గైడ్‌కు ఇవ్వొచ్చు.

గైడ్ సార్ ఎర్ర పెన్నుతో 'ఐ'లన్నీ కొట్టేసి ఇచ్చారనుకోండి. అన్నింటికీ కొట్లాడకండి. అసలు వాదన ఉన్న ఆ ఒక్క వాక్యం ఏదో గుర్తుపెట్టుకుని, దాని గురించి మాత్రం మాట్లాడి రండి.